జూన్‌లో ఎండేరు

ఆ పిల్లని ఆపింది మీరు. ఏరు కాదు. ఏటికి బుద్ధి లేదు, కొండ మీద వాన పడితే కిందికి వస్తుంది, అంతవరకే దాని పని. బుద్ధి ఉన్నది మీకు. రాజధానిలో ఫ్యాను కింద కూర్చుని పరీక్షల తేదీలు వేసే అయ్యల్లారా, అమ్మల్లారా, పదకొండో తరగతి భూగోళం పరీక్షని జూన్ నెలలో పెట్టింది మీరు. ఆ పరీక్ష గదిని ఏటికి అవతల పెట్టింది మీరు. జూన్‌లో సూఫ్రియేర్ అగ్నికొండ మీద వానలు మొదలవుతాయని ఏ పిల్లాడి పుస్తకం తెరిచినా కనబడుతుంది. ఆ పుస్తకం అచ్చు వేయించింది కూడా మీరే. మీరు రాయించిన పుస్తకాన్ని మీరు చదవరు, మా పిల్లల చేత మాత్రం బట్టీ కొట్టిస్తారు.

జరిగింది జరిగినట్టు చెప్తాను. వినండి.

వెనోరా మా చెల్లెలు ఐయోనీ కూతురు. మాది కైరీ పాయింట్, ఎండేటికి ఉత్తరాన, ఈ దీవి మొదటి జనం కరీబుల ఊళ్ళలో ఒకటి. నేను ఆరారోట్ పిండి మిల్లులో గడ్డలు కడుగుతాను. పిల్లది పెద్ద బడికి రోజూ ఏరు దాటి అవతలి టౌనుకి పోవాలి. ఏరంటే నీళ్ళుంటాయనుకోకండి. నల్ల ఇసుక, బూడిద, ఇంటంత బండలు. వంతెన లేదు. మా ఊరి ఒజయాస్ ట్రక్కు ఆ ఇసుక మీద నుంచే ఎగురుకుంటూ పోతుంది, వెనకాల బల్లల మీద పిల్లలు, బ్రెడ్‌ఫ్రూట్ కాయల బస్తాలు, అరటి గెలలు. కొండ మీద గట్టి వాన పడిన రోజు మాత్రం ఏరు వస్తుంది. చుట్టం వచ్చినట్టే, చెప్పి రాదు. వచ్చిందంటే ఇవతలి వాళ్ళం ఇవతలే. బియ్యం రావు, డాక్టరు రాడు, శవపేటిక కూడా రాదు.

వెనోరాకి భూగోళం అంటే పిచ్చి. ఎత్తు గీతల మ్యాపు ఇస్తే చాలు, అన్నం మర్చిపోయేది. దాని పుస్తకంలో రెండు భాగాలు. భౌతిక భూగోళంలో కొండలు, నదులు, గాలివానలు. మానవ భూగోళంలో జనం ఎక్కడుంటారు, ఎందుకుంటారు అన్నది. ఆ రెండో భాగం దగ్గర మా ఇద్దరికీ గొడవ.

"ఉత్తరపు ఊళ్ళలో జనం ఎందుకు స్థిరపడ్డారు?" అని ఒక ప్రశ్న ఉంది. పిల్లది రాసిన జవాబు, "అగ్నిపర్వతపు నేల సారవంతమైనది కనుక."

"ఏమే, సారవంతమా?" అన్నాను. "ఓడలేసుకుని వచ్చి, తుపాకులు పెట్టి, మంచి నేలంతా గుంజుకుని మనల్ని ఈ మూలకి తరిమారు. తరిమారు అని రాయి."

"అలా రాస్తే మార్కులు రావు పెద్దమ్మా."

"నిజం రాస్తే రావా?"

"పేపర్లు దిద్దేవాళ్ళ మార్కుల పట్టీలో నాలుగు కారణాలుంటాయి. నేల, నీళ్ళు, చదును, దారి. తరమడం లేదు."

"దారా? మనకి దారేదే?"

"అందుకే నేల అని రాశా" అంది. నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

దానికి కావలసింది ఒకటే. భూగోళంలో మంచి గ్రేడు. అది వస్తే రాజధాని కాలేజీలో పై రెండేళ్ళు. ఆ తర్వాత అగ్నిపర్వతాన్ని కనిపెట్టి చూసే ఆఫీసులో పని. ఆ ఆఫీసులో మా వైపు మనిషి ఒక్కడూ లేడు. కొండ మా నెత్తి మీద, దాని సంగతి చెప్పేది మాత్రం దానికి దూరంగా ఉండేవాళ్ళు. "నేను చెప్తా ఇక మీదట" అనేది పిల్ల.

పరీక్ష రాసే పిల్లలు ముందుగా తమ ఊళ్ళో ఏదో ఒక సంగతి స్వయంగా కొలిచి, పటాలు గీసి, బడిలో ఇవ్వాలి. దానికీ మార్కులున్నాయి. మార్చి దాటితే తీసుకోరు. వెనోరా ఎండేటిని ఎంచుకుంది. క్రిస్మస్ అయిపోగానే మొదలెట్టింది. కొండ వాలులో మా నాన్న అరటితోట ఉంది, అక్కడ పాలపొడి డబ్బా పాతింది వాన కొలవడానికి. ట్రక్కు ఏరు దాటే చోట, మా దాటుడు దగ్గర, ఒడ్డున ఒక బండకి తెల్ల సున్నం కొట్టింది, నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో చూడటానికి. సరైన చోట బండ లేదని నలుగురు మగాళ్ళ చేత గడ్డపారలతో దొర్లించింది. ఒజయాస్ నడుం పట్టుకుని, "నీ కూతురు పరీక్ష పాసయ్యేలోపు నేను పోతా" అని ఐయోనీని తిట్టాడు.

రోజూ పొద్దున్నే తోటకి ఎక్కేది, దిగేది, రాసుకునేది. చివరికి తేల్చింది ఏమిటంటే, డబ్బాలో రెండు వేళ్ళ నీళ్ళు పడితే గానీ ఏరు రాదు, పడినా బఠాణీలు ఉడికేంత సేపు పడుతుంది దాటుడు దగ్గరికి రావడానికి. అదే జరిగింది. జనవరిలో ఒకసారి, ఫిబ్రవరిలో రెండు సార్లు. పిల్ల చెప్పినట్టే వచ్చింది, చెప్పినట్టే పోయింది. భూగోళం చెప్పే మిస్ క్వాషీ ఆ పటాలు గోడకి అంటించి క్లాసందరికీ చూపించిందట.

ఇక చూడండి మా ఊరి సంబరం. పొద్దున్నే ట్రక్కు స్టార్టు చేసే ముందు ఒజయాస్ మా వాకిట్లో హారను కొట్టేవాడు.

"అమ్మాయ్! డబ్బా ఏమంటోంది?"

"పొమ్మంటోంది మావా!"

"పెళ్ళి చూపులకి కూడా దాన్నే అడుగుతా ఇంక" అనేవాడు. చేపలు తీసుకుని పోయే ఆడవాళ్ళు అడిగేవాళ్ళు. పాస్టరు అడిగేవాడు. ఊరికి ఊరు బడిపిల్ల పాలడబ్బా మీద బతకడం మొదలెట్టింది. ఎందుకు మొదలెట్టదు? మీ ప్రభుత్వం ఆ ఒడ్డున ఒక వాన కొలత పెట్టిందా ఎప్పుడైనా? ఒక మనిషిని పెట్టిందా? ఒక గంట కట్టిందా?

మే నెలాఖరున పరీక్షలు మొదలయ్యాయి. మా వైపు పిల్లలు పరీక్షల రోజుల్లో అవతలే ఎవరో ఒకరింట్లో ఉండిపోతారు. అది మా అలవాటు. వెనోరాని ఐయోనీకి అత్తవారి వైపు పిన్ని వరసయ్యే మెర్వినా ఇంట్లో పెట్టాం. ఆవిడ మంచం ఇవ్వలేదు, వంటింట్లో నేల చూపించింది. పొద్దున ఇల్లు ఊడ్పించింది, సాయంత్రం తన మనవల బట్టలు ఉతికించింది. చీకటి పడగానే "కరెంటు చెట్టుకి కాస్తుందా?" అని లైటు తీసేసేది. వాళ్ళ మనవలు పిల్ల జుట్టు పట్టుకుని, "కరీబూ, బాణం ఏదీ?" అని ఆడుకునేవాళ్ళట. పిల్ల లెక్కల పేపరు రాసి, శనాదివారాలకి ఇల్లు చేరింది. సోమవారం పొద్దున భూగోళం.

ఆదివారం మధ్యాహ్నం ఐయోనీ దాని సంచీ సర్దింది. కసావా దుంప రొట్టె, వేయించిన జాక్ చేప మూట కట్టింది.

"ఇవాళే పో. ఒజయాస్ నాలుగింటికి పోతున్నాడు."

"రేపు పోతానమ్మా."

"రేపు పరీక్షే!"

"అక్కడ చదవనివ్వదే ఆవిడ. నదుల పాఠం ఇంకోసారి చూడాలి. రేపు తెల్లవారుతూనే మావ మొదటి ట్రిప్పు ఉందిగా."

"ఏరు వస్తేనో?"

"డబ్బా చూసొచ్చాను. అర వేలు నీళ్ళు. రెండు వేళ్ళుండాలి."

ఐయోనీ నా వైపు చూసింది. "అక్కా, నువ్వు చెప్పు దీనికి."

"ఇంతవరకూ పిల్ల లెక్క తప్పిందా?" అన్నాను. "ఆ ఇంట్లో నేల మీద పడుకుని పరీక్షకి పోవడం కంటే ఇక్కడ కడుపునిండా తిని పోవడం నయం."

ఒజయాసూ అదే మాట. "డబ్బా చెప్పాక ఇంక మాటేముంది ఒదినా?"

ఊరంతా అదే మాట. ఆ సాయంత్రం పిల్ల గుమ్మంలో కూర్చుని పైకి చదివింది. నేను చేపలు తోముతూ విన్నాను. వాన నీరు కొంత నేలలోకి ఇంకుతుంది. కొంత పైపైన పారుతుంది. నేల అప్పటికే నీటితో నిండి ఉంటే ఇంకడం తగ్గుతుంది, పారడం పెరుగుతుంది. బాగుంది పాఠం, అనుకున్నాను.

తెల్లారి పిల్ల తోటకి ఎక్కి దిగింది. రాత్రి చిన్న జల్లు. డబ్బాలో ఒక వేలు కూడా లేదు.

"పద మావా!"

యూనిఫాం ఇస్త్రీ మడత చెదరకుండా ట్రక్కులో ముందు కూర్చుంది, నేనూ ఐయోనీ వెనక. దారి పొడుగునా ఒజయాస్ దాన్ని ఆటపట్టిస్తున్నాడు. "పరీక్షలో నా ట్రక్కు గురించి రాయి. రవాణా సౌకర్యాలు, ఒజయాస్ గారి ట్రక్కు, బ్రేకులు లేవు" అని.

చివరి మలుపు తిరక్కుండానే చప్పుడు వినబడింది.

నీళ్ళ చప్పుడు కాదది. బండలు బండల్ని కొట్టుకునే చప్పుడు, నేల లోపల ఎవరో బరువైన బల్లలు ఈడుస్తున్నట్టు. ఒజయాస్ ట్రక్కు నెమ్మది చేశాడు. మలుపు తిరిగాం. ఏరు వచ్చేసింది. ఒడ్డు నుంచి ఒడ్డుకి బూడిదరంగు బురద, అందులో చెట్లు వేళ్ళతో సహా పోతున్నాయి. నిన్న సాయంత్రం ట్రక్కు దాటిన చోట ఏనుగులు పొర్లాడుతున్నట్టుంది.

పిల్ల దిగి ఒడ్డుకి పరిగెత్తింది. "ఒక వేలు కూడా లేదు" అంది, ఎవరితోనో తగూ పడుతున్నట్టు. "ఒక వేలు కూడా లేదు!"

అవతలి ఒడ్డున ఎర్ర గొడుగు కనబడింది. మిస్ క్వాషీ. బడిలో మా పిల్ల రాలేదని చూసి పరిగెత్తుకొచ్చినట్టుంది. చేతులూపుతోంది, నోరు తెరిచి ఏదో అరుస్తోంది. ఏమీ వినబడలేదు. ఏటి వెడల్పు మీరు మీ టౌన్లో దాటే రోడ్డుకంటే నాలుగైదు రెట్లు, అంతే. ఆవిడ ముఖం కనబడుతోంది. కళ్ళజోడు కనబడుతోంది. చేతి గడియారం వేలితో చూపిస్తోంది.

ఒజయాస్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "ఎక్కవే. దాటిస్తా."

"మావా, నిజంగా?"

"ఎగువన బండలు ఎత్తుగా ఉన్నాయి, నీళ్ళు చీలుతున్నాయి అక్కడ. గట్టిగా తొక్కితే పోతుంది. ఎక్కు, తొమ్మిదయితే తలుపేస్తారు."

పిల్ల ఎక్కింది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. ఇంజను అరిచింది. ఐయోనీ పోయి ముందు చక్రానికి అడ్డంగా ఇసుకలో చతికిలబడింది.

"లే ఒదినా!"

"లేవను. పోయినేడు అరటికాయల ట్రక్కు ఇట్లాగే పోయింది. తలుపు సముద్రంలో దొరికింది, మనుషులు దొరకలేదు."

"అమ్మా, లెయ్యే! ఇది పోతే అంతా పోయినట్టే, నీకు తెలీదా?"

"తెలుసు. సర్టిఫికెట్ తెచ్చి నీ శవం మీద కప్పనా?"

"పెద్దమ్మా, నువ్వు చెప్పవే! నువ్వే కదా భయపడకూడదు అంటావు? మిల్లులో మేనేజరు మీదికి పోయావుగా!"

మేనేజరు మీదికి పోవడం వేరు. మేనేజరు కొట్టుకుపోయే బండ కాదు. ఐయోనీని రెక్క పట్టి లేపనా, పిల్లని దింపనా? రెండు వైపులా నా రక్తమే. కదలలేకపోయాను. అవతల ఎర్ర గొడుగు ఎగురుతోంది, వద్దు అంటోందో రా అంటోందో తెలియదు. వెనక కొండ, ముందు ఏరు, పక్కన సముద్రం. మీ మ్యాపు మీద ఆ చోటు చూసుకోండి, వేలుగోరంత ఉంటుంది. అందులో మేం నలుగురం, మా వెనక ఐదు ఊళ్ళు.

అప్పుడు పిల్ల చూపు దాటుడు మీద పడింది. సున్నం కొట్టిన బండ అక్కడే ఉంది, తెల్లటి నెత్తి ఒక్కటే నీళ్ళ పైకి కనబడుతూ. మేం చూస్తుండగా కొంచెం ఊగింది. పక్కకి ఒరిగింది. తర్వాత బంగాళాదుంప దొర్లినట్టు దొర్లింది. ఒకసారి తెల్లగా, ఒకసారి నల్లగా, మళ్ళీ తెల్లగా. ఇంక లేదు.

నలుగురు మగాళ్ళు గడ్డపారలతో దొర్లించిన బండ.

వెనోరా ఇంజను తాళం తిప్పేసింది. దిగింది. తల్లి పక్కన ఇసుకలో కూర్చుంది, ఇస్త్రీ గౌనుతోనే.

"మావా, దిగు" అంది. "నీ ట్రక్కు దానికంటే తేలిక."

అవతల మిస్ క్వాషీ గడియారం చూసుకుంది. గొడుగు దించింది. మిగతా పిల్లల కోసం బడికి పోవాలిగా ఆవిడ. పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసింది రెండు సార్లు. అంతే, తొమ్మిదయిపోయిందని మాకు అర్థమైంది.

 కసావా రొట్టె మూట విప్పి ఐయోనీ తుంచి ఇచ్చింది. పిల్ల నమిలింది, మింగలేదు.

"నేల నిండిపోయింది పెద్దమ్మా" అంది చివరికి. "జనవరిలో నేల దాహంగా ఉంటుంది, పడినదంతా తాగేస్తుంది. అందుకే రెండు వేళ్ళు కావలసొచ్చింది. ఇప్పుడు వారం బట్టి తడుస్తోంది, తాగడానికి చోటు లేదు. అర వేలు చాలు. అది నాకు తెలుసు. నిన్న నువ్వు వింటుండగా చదివాను కూడా."

"మరి వానాకాలంలో ఎందుకు కొలవలేదే?"

నా వైపు వింతగా చూసింది. "మార్చిలోగా ఇచ్చెయ్యాలిగా."

వినబడిందా అయ్యల్లారా? ఏటిని ఎండాకాలంలో కొలవమన్నారు. వానాకాలంలో దాటమన్నారు. మీ రెండు తేదీల మధ్య మా పిల్ల పడింది. మీ తేదీలకి కట్టుబడి కొలిచింది కనకనే ఊరు ఊరంతా ఆ కొలత నమ్మింది.

ఇంకా కడుపు మండే సంగతి వినండి. సాయంత్రం అయ్యేసరికి ఏరు పోయింది. చీలమండ మునిగేంత నీళ్ళు. చెప్పులు చేత పట్టుకుని నడిచి దాటాం. మిస్ క్వాషీ ఒడ్డునే నిలబడి ఉంది, మళ్ళీ వచ్చి. పిల్లని దగ్గరికి తీసుకోబోయింది. పిల్ల తీసుకోనివ్వలేదు.

"పేపరు చూపించండి మిస్."

"ఇప్పుడెందుకమ్మా అది?"

"చూపించండి."

ఇచ్చింది. ఏటి ఇసుకలో నిలబడి మొత్తం చదివింది. ఒక దగ్గర ఆగింది. 'మీరు పరిశీలించిన ఒక నది పేరు రాసి, అక్కడ వరద మనుషుల జీవితాన్ని ఎలా దెబ్బతీస్తుందో వివరించండి.' అని ఉంది. పిల్ల నవ్వింది. మార్కుల పట్టీలో తరమడం లేదన్న రోజు నవ్విన నవ్వు కాదిది. పేపరు మడిచి టీచరుకి ఇచ్చేసింది.

"జవాబు ఇవతల ఉంది మిస్, ప్రశ్న అవతల ఉంది" అంది.

ఆ వారంలోనే నేను రాజధానికి వెళ్ళాను. మీ ఆఫీసులో మెడలో టై కట్టుకున్న ఒకాయన, పేరెందుకు, మీకే తెలుసు, నన్ను పూట పూటంతా బెంచీ మీద కూర్చోబెట్టి ఆ తర్వాత పిలిచాడు.

"గైర్హాజరు అని పడింది. మేమేం చెయ్యలేం."

"గైర్హాజరు కాదు. ఒడ్డున ఉంది. టీచరు చూసింది."

"ముందు రోజే వచ్చి ఉండాల్సింది అమ్మా. మీ వైపు వాళ్ళకి బాధ్యత తక్కువ."

"నీకు పిల్లలున్నారా నాయనా?"

"ఉన్నారు."

"పరీక్షకి ఎవరింట్లో నేల మీద పడుకున్నారు?"

ఫైలు తిప్పాడు. "వచ్చే జూన్‌లో రాయించండి."

"వచ్చే జూన్‌లో ఏటికి సెలవిచ్చారా?"

పక్క బల్ల దగ్గరి అమ్మాయి పకాలున నవ్వి నోరు మూసుకుంది. ఆయన నవ్వలేదు. వంతెన సంగతి వేరే శాఖ అన్నాడు. పరీక్ష అన్ని దీవులకీ ఒకటే, తేదీల సంగతి వేరే దేశంలో తేలుస్తారన్నాడు. గది సంగతి పై వాళ్ళదన్నాడు. ఒక తలుపు మూసి ఇంకో తలుపు చూపిస్తాడు, అదీ మూసే ఉంటుంది. మేం ఏటి దగ్గర ఇరుక్కోవడం కొత్తేం కాదు. మీ ఆఫీసులో కూడా ఇరుక్కున్నాం, అక్కడ నీళ్ళు తగ్గవు కూడా.

ఇప్పుడు వెనోరా నా పక్కన మిల్లులో పిండి ఆరబెట్టే తట్టలు తోముతోంది.  ఒజయాస్ పొద్దున్నే మా వాకిట్లో హారను కొడతాడు అలవాటు చొప్పున, ఆ తర్వాత గుర్తొచ్చి తల దించుకుని పోతాడు. అయినా ఒకటి చూశాను. పిల్ల తోటకి మళ్ళీ ఎక్కుతోంది. డబ్బా తియ్యలేదు. జూన్ అంతా కొలిచింది, జూలై కొలుస్తోంది. దాటుడు దగ్గర ఇంకో బండకి సున్నం కొట్టింది, ఈసారి మనుషులు కదిలించలేనంత పెద్దదానికి. ఎవరికి ఇస్తావే ఇదంతా అంటే, "ఎవరు అడిగితే వాళ్ళకి" అంది.

అడగండి. అడగాల్సింది మీరు.

వంతెన కావాలి. దాని కోసం మళ్ళీ వస్తాం, ఊళ్ళకి ఊళ్ళు కట్టుకుని వస్తాం. వంతెన కట్టేదాకా ఆగమంటారు మీరు, మాకు తెలుసు. ఆగం. ఏటికి ఇవతల ఒక పరీక్ష గది తెరవండి. మా ఊరి చిన్న బడి ఉంది, దానికి కప్పుంది, బల్లలున్నాయి. ప్రశ్నపత్రాలు ముందు రోజే సీలు వేసి పంపండి. దాచడానికి చోటు లేదంటారేమో, మమ్మల్ని పట్టుకోవడానికి ఇవతల పోలీసు స్టేషన్ కట్టారుగా, దాని బీరువాలో పెట్టండి. మెర్వినా ఇంట్లో నేల మీద మా పిల్ల ఇంక పడుకోదు.

ఆ గది వచ్చే జూన్‌దాకా కుదరదు. వెనోరా వచ్చే జూన్‌దాకా తట్టలు తోమదు. దానికి పేపరు జనవరిలో పెట్టండి, నేల ఎండి, ఏరు అరుదుగా వచ్చేటప్పుడు. 'గైర్హాజరు' అన్న మాట కొట్టేయండి. కొట్టేసి, అలా కొట్టేసినట్టు కాగితం ఇవ్వండి.

ఆ కాగితం తేవడానికి ఒజయాస్ ట్రక్కు సోమవారం మీ ఆఫీసు ముందు ఆగుతుంది. బల్లల మీద మేమంతా ఉంటాం. కాగితం చేతిలో పెట్టేదాకా దిగం.